రెండో రింగు

రాయి తయారైంది. నల్ల రాయి, నడుమెత్తు ఉంటుంది, పైన సిలువ. 'సిద్దమ్మ, ప్రభువునందు నిద్రించినది' అని చెక్కి, తేదీ కూడా చెక్కేసి, కింద ఒక్క వరుసకు జాగా వదిలిపెట్టాడు ఉరుకుందప్ప. ఆదోనిలో సమాధి రాళ్లు చెక్కేవాళ్లలో అతనికి మంచి పేరుంది. అక్షరం తప్పు పోనివ్వడు. నోరు మాత్రం ఊరికే ఉండదు.

"ఎవురు పెట్టిచ్చినట్టు రాయాల జోయలన్నా? కొడుకు జోయల్ అని రాసేదా?"

జోయల్ తల అడ్డంగా ఊపాడు. "నా పేరొద్దప్పా. మనవరాలు పుష్ప అని రాయి. మాయమ్మకు నాకంటే నా బిడ్డే ఎక్కువ."

పక్కన నిలబడ్డ పుష్ప అడ్డం వచ్చింది. "నా పేరు వద్దు నాయనా. నీది రాయించు."

"గమ్మునుండు మే," అని కసిరి, జోయల్ రాళ్లాయన వైపు తిరిగాడు. నలభై రోజులుగా దొరికిన ప్రతి మనిషికీ చెప్పుకుంటున్న మాటే మళ్లీ చెప్పాడు. "ఈ పాప ఏం చేసిందో తెల్సునా? మాయమ్మను పెట్టెలో పండబెట్టినాక, ఆయమ్మ ఫోను తెచ్చి చేతుల్లో పెట్టింది. అవ్వ ఫోను అవ్వతోనే పోనీ నాయనా అన్న్యాది. పేటంతా ఏడ్సినారు అప్పా. పాస్టరయ్య కూడా కండ్లు తుడుచుకున్న్యాడు."

"పుణ్యాత్మురాలు," అన్నాడు ఉరుకుందప్ప. ఉలి అందుకుని 'ప్రేమతో, మనవరాలు పుష్ప' అని చెక్కడం మొదలుపెట్టాడు.

పుణ్యాత్మురాలట! ఆ మాట చెవిన పడగానే పుష్ప అక్కడ నిలబడలేకపోయింది. అంగడి బయటికొచ్చి వేపచెట్టు నీడలో నిలబడింది. ఉలి చప్పుడు అక్కడికీ వినిపిస్తూనే ఉంది. ఆ ఫోను ఆమె ప్రేమకొద్దీ పెట్టింది కాదు. దాచడానికి పెట్టింది. ప్రాణంలా పెంచిన అవ్వ చేతుల మధ్య తన తప్పును పెట్టి, మీద మూత వేయించి, మట్టి కప్పించింది. ఇరవై మూడేళ్ల పిల్ల ఇంత పని చేసి, నలభై రోజులుగా వేళకు అన్నం తింటోంది, పేటలో మంచి పేరు మోస్తోంది. ఆమె మోయాల్సిన చెడ్డపేరు ఇంకొకామె మోస్తోంది. ఆ ఇంకొకామె మల్లేశ్వరి, అవ్వ పక్కింటి మనిషి. ఎట్లా జరిగిందో మొదటినుంచీ చెప్పుకుంటే గానీ ఇది తెగదు.

కోసిగి పక్క ఊళ్లలో వానను నమ్ముకుని కూర్చునేవాళ్లు లేరు. జనవరి దాటిందంటే పేటకు పేట ఇళ్లకు తాళాలు వేసి, చిన్నా పెద్దా టెంపోలెక్కి, గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోతారు. దాన్ని సుగ్గికి పోవడం అంటారు. వంగి పని చేయగలిగినవాళ్లంతా పోగా, ముసలివాళ్లూ బడిపిల్లలూ మిగులుతారు. పుష్పకు రెండేళ్లు నిండకముందే జోయల్, అతని భార్య ఆమెను అవ్వ ఒళ్లో పడేసి పోయారు. అప్పటినుంచి ప్రతి ఏడూ మూడు నెలలు పుష్పకు అమ్మ అవ్వే, నాయన అవ్వే.

ఆ సిద్దమ్మ ఎలాంటి మనిషి! జొన్నరొట్టె మెత్తగా నలిపి పాలలో నానబెట్టి వేలితో పెట్టి పెంచింది. జ్వరమొస్తే చంకనేసుకుని, బస్సు దొరకకపోతే లారీ ఆపి ఎక్కి, ఎమ్మిగనూరు ఆసుపత్రికి పోయింది. అదే ఎమ్మిగనూరులో పుష్పను హాస్టల్లో వేస్తే ఆదివారం తప్పకుండా గేటు దగ్గర ప్రత్యక్షమయ్యేది. వార్డెను లోపలికి రానివ్వకపోతే గేటు కమ్మీల సందులోంచి రొట్టెలూ చెనక్కాయల పొడీ అందించి, చివరి ముక్క మింగేదాకా నిలబడి చూసి పోయేది. మనవరాలు ఏం చదువుతోందో ఆమెకు తెలియదు. "తింటివా పాపా?" అన్నదొక్కటే ఆమె అడిగే ప్రశ్న. ఫస్టు క్లాసు వచ్చిందని చెప్పినా అదే అడిగింది.

ఇంటరు అయ్యాక పై చదువు సాగలేదు. పుష్ప కూడా సుగ్గికి పోవడం మొదలుపెట్టింది. మొదటిసారి పోయే ముందు అవ్వకు ఒక చిన్న గుండీల ఫోను కొనిచ్చింది. అవ్వకు అంకెలు రావు. రెండో గుండీ నొక్కి పట్టుకుంటే పుష్పకు పోయేలా పెట్టి, పచ్చ గుండీ, ఎర్ర గుండీ చూపించి, కట్టుబాటు ఒకటి నేర్పింది.

"పొద్దుగూకినాక ఒగ రింగు ఇచ్చి పెట్టేయ్ అవ్వా. తిన్న్యా, బాగుండా అని అర్థం. నేను ఎత్తను. ఏమన్నా అయితే రెండు ఇయ్యి. రెండు వస్తే నేనే చేస్తా. పాణం మింద ఉన్నా పరుగెత్తుకొస్తా."

అవ్వ దాన్ని వేదవాక్యంలా పట్టుకుంది. పొద్దుగూకితే ఒక రింగు. గుంటూరు చేలగట్ల మీద, గుడారాల్లో, పుష్ప ఎక్కడున్నా ఆ వేళకు జేబులో ఫోను ఒకసారి మోగి ఆగిపోయేది. "మీ అవ్వ తిన్న్యాది మే," అని తోటి పిల్లలు నవ్వేవారు. పుష్పకూ ఆ రింగు వస్తేనే ముద్ద దిగేది. అయిదేళ్లు ఇట్లా నడిచింది.

ఈ ఏడు ఫిబ్రవరిలో ఒక సాయంత్రం రెండు రింగులు వచ్చాయి. పుష్ప చేతిలో మిరపకాయలు కింద పడేసి వెంటనే ఫోను చేసింది. ఎత్తలేదు. మళ్లీ చేసింది. ఎత్తలేదు. పేటలో ఫోనున్నవాళ్లంతా చేలల్లోనే ఉన్నారు, ఊళ్లో అంగడాయనకు, కోసిగిలో నాయన దోస్తుకు చేసినా ఎత్తలేదు, ఇంకెవరికి చేయాలి? ముఠా మేస్త్రీ లక్ష్మన్నను బతిమాలి, గుంటూరులో రైలెక్కి, గుంతకల్లులో మారి, ఆదోనిలో దిగి, బస్సు పట్టుకుని మర్నాడు మధ్యాహ్నానికి ఊరు చేరింది. దారి పొడవునా దేవుణ్ణి ఎన్ని విధాల మొక్కుకుందో! పేటలోకి ఏడుస్తూనే పరుగెత్తింది.

అవ్వ అరుగు మీద కూర్చుని చేటతో జొన్నలు చెరుగుతోంది.

"వస్తివా పాపా!" అని ముఖం చేటంత చేసుకుంది. "కలలో అగుపడితివి. సూడాలనిపిచ్చింది. కొట్టినా. నిజంగా వస్తివే!"

ఫోను ఏదంటే, ఎలుకలు కొరుకుతాయని బియ్యం డబ్బాలో పెట్టి మూతేసిందట.

పుష్పకు ఒళ్లు తెలియని కోపం వచ్చింది. రాత్రంతా రైల్లో పడ్డ భయం అంతా కోపమై బయటికొచ్చింది. వీధిలో నిలబడి అరిచింది. మనవణ్ణి చూసుకోవడానికి ఈ ఏడు సుగ్గికి పోని మల్లేశ్వరి గోడవతల పనాపి తొంగిచూసినా ఆగలేదు. "కలలో అగుపడితే రెండు కొడతావా? నీకు బుద్ధుందా? నువ్వు సచ్చిపోయినావనుకుని వచ్చినా! ఇంగ సచ్చేటప్పుడు కొట్టు రెండు. అంతవరకూ ఒగటే. ఇన్న్యావా?"

అవ్వ ముఖం చిన్నబోయింది. అయినా నవ్వింది. "సరే పాపా, సరే. అరవగాకు, గొంతు పోతాది."

బొరుగులు నానబెట్టి ఉగ్గాని చేసి పెడితే పుష్ప ముట్టలేదు. సాయంత్రం బస్సుకే వెనక్కి బయల్దేరింది. అవ్వ ఆ ఉగ్గాని కవర్లో కట్టుకుని బస్సు దాకా వచ్చింది. బస్సు కదిలాక కూడా కవరు పైకెత్తి పట్టుకుని కిటికీ వెంబడి నాలుగడుగులు పరుగు పెట్టింది. పుష్ప చెయ్యి చాపలేదు. ప్రాణంతో ఉన్న అవ్వను చూడటం అదే ఆఖరు.

ఇంకో మూడు వారాలకు, మార్చిలో, ఒక సాయంత్రం. పని ముగించుకుని ఆడపిల్లలు గుడారం ముందు చేరి పుష్ప ఫోనులో ఏదో నవ్వుల వీడియో చూస్తున్నారు. ఫోను మోగి ఆగింది. "తిన్న్యాదిలే మీ అవ్వ," అన్నదొకతె. వీడియో మళ్లీ మొదలైంది. అయిదు నిమిషాలు కూడా కాలేదు, మళ్లీ మోగింది. తెర మీద 'అవ్వ' అని పేరు. వీడియో ఆగిపోయింది. పిల్లలంతా అబ్బా అన్నారు.

పుష్ప బొటనవేలితో ఎర్రదాన్ని నొక్కి కట్ చేసింది. "మళ్లా కల వచ్చిందేమో ముసల్దానికి," అంది. అందరూ పడీ పడీ నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

తెల్లవారి ఊళ్లో అంగడాయన ఫోనులోంచి కబురొచ్చింది. మీ అవ్వ పోయింది, రమ్మని.

టెంపోలో కూర్చుని వస్తున్నప్పుడు, అమ్మా నాయనా ఏడుస్తున్న చోటే, పుష్ప ఆ రెండో కాల్‌ను ఫోనులోంచి చెరిపేసింది. ఎందుకు చెరిపిందంటే ఏం చెబుతుంది? భయం. నాయనకు భయపడింది. పక్కన కూర్చుని తనతో పాటు నవ్విన పిల్లలకు భయపడింది. వాళ్లకు మాత్రం ఆ రెండో రింగు సంగతి గుర్తే లేదు. నవ్విందొక్కటే గుర్తు, ఎందుకు నవ్వారో మర్చిపోయారు.

శవం దగ్గర మల్లేశ్వరి గుండెలు బాదుకుంటోంది. "రెండు రింగులు పోయినాయి జోయలన్నా! పొద్దుగూకేటప్పుడు రెండోది నా సేత్తోనే కొట్టినా. ఎద నొస్తాంది అన్న్యాది. ఎవురూ మళ్లా సెయ్యలేదు. నాకు ఇంగేం నంబరు తెలుస్తాది? ఏం సెయ్యాల నేను?"

జోయల్ కూతురి వైపు తిరిగాడు. "ఏం పాపా? రెండొచ్చినాయా?"

అప్పుడు చెప్పి ఉంటే సరిపోయేది. రెండు చెంపదెబ్బలతోనో, ఏడుపులతోనో పోయేది. పుష్ప ఫోను తీసి నాయన ముందు పెట్టింది. "ఒగటే వచ్చింది నాయనా. సూడు."

జోయల్ చూశాడు. పక్కనున్న నలుగురూ చూశారు. ఒక్కటే ఉంది. ఇంక చూడాలి అతని కోపం! "మాయమ్మ ఎద పట్టుకోని పొర్లాడతాంటే నువ్వు నీ మనవణ్ణి ఆడిచ్చుకుంటా కూసున్న్యావు. పైగా సచ్చినామె ముందర అబద్ధాలు! కోసిగిలో సామ్సన్ ఆటో ఉండాది. ఒగ ఫోను వస్తే అర్ధగంటలో ఆదోని ఆసుపత్రిలో ఉండేది మాయమ్మ. నువ్వే సంపినావు పో!"

మల్లేశ్వరి నోరు తెరిచింది. పుష్ప వైపు చూసింది. ఏమనుకుందో, మళ్లీ మూసుకుంది.

ఆ చూపు పుష్పకు నిద్రలో కూడా కనిపిస్తుంది. అవ్వ దిండు కింద ఫోను, వెతకాలని ఇంకెవరికీ తోచకముందే, ఆమెకే దొరికింది. అందులో రెండూ ఉన్నాయి, ఒకదాని కింద ఒకటి. బ్యాటరీ పీకేసి, ఫోను పెట్టెలో పెట్టింది. పేటంతా ఏడ్చింది.

"మే పుష్పా! రాయి ఎక్కిచ్చినాము, రా!" అని నాయన కేకేశాడు.

సామ్సన్ ఆటోలో రాయిని కాళ్ల దగ్గర గోనెపట్టాల మీద పడుకోబెట్టి, పక్కన సిమెంటు బస్తా పెట్టి బయల్దేరారు. సామ్సన్ జోయల్‌కు చిన్ననాటి దోస్తు. ఏప్రిల్ ఎండ నెత్తి మీద నిప్పులు పోస్తోంది. రోడ్డుకు రెండు వైపులా నల్లరేగడి నేలలు నెర్రెలిచ్చి ఉన్నాయి. గతుకుల్లో ఆటో ఎగిరినప్పుడల్లా రాయి పుష్ప పాదానికి తగులుతోంది. కొత్తగా చెక్కిన తన పేరు మీద రాతి పొడి ఇంకా తెల్లగా ఉంది.

"సాయంత్రం నేను ఎమ్మిగనూరు పోవాల జోయలూ," అన్నాడు సామ్సన్. "మల్లేశ్వరిని దింపాల. నందవరంలో కూతురింటికి పోతాంది. మూటలు కట్టుకుంది. ఇంగ రాదంట."

"పోనీ," అన్నాడు జోయల్.

"ఏం సేస్తాది పాపం. లక్ష్మన్న పత్తి పనికి ముఠా కడతాన్నాడు, ఆమెను పిలవలేదు. ఆమె ఉంటే మేము రాము అన్న్యారంట ఆడోళ్లు. కొళాయి కాడ బిందె ఎవురూ పట్టనిస్తలేరు. కోడలు గూడా నీవల్ల మాకు ఈ కర్మ అంటాంది."

"మాయమ్మకు ఏమైందో ఆమెకూ అదే కావాల," అన్నాడు జోయల్. అతను చెడ్డవాడు కాదు. తల్లి పోయిన దుఃఖానికి ఆనుకునేందుకు గోడ కావాలి, మల్లేశ్వరి దొరికింది. ఆ గోడను పుష్పే చూపించింది.

పుష్ప ఆటో కమ్మీ పట్టుకుని కూర్చుంది. సాయంత్రం. సాయంత్రం పోతే మల్లేశ్వరి ఇంక రాదు. ఆమె పోయాక నిజం చెప్పినా చెప్పకపోయినా ఒకటే, ఆ చెడ్డపేరు ఆమెతోనే నందవరం పోతుంది, అక్కడే చస్తుంది. చెప్పాలంటే ఈ ఒక్క మధ్యాహ్నమే ఉంది. చెబితే నాయన ఏం చేస్తాడు? అమ్మ ముఖం ఎట్లా చూడాలి? పేటలో ఎట్లా తిరగాలి? ఊరొచ్చేదాకా ఆమె ఇదే ఆలోచించింది, ఏమీ తేల్చుకోలేదు.

పేట చివర, గుట్ట పక్కన సమాధుల దిబ్బ. అక్కడే షామియానా వేశారు. జ్ఞాపకార్థ కూడికకు పేటంతా వచ్చింది, సుగ్గి ముగిసి అందరూ ఇళ్లకు చేరారు కదా. సిమెంటు కలిపి రాయిని నిలబెట్టారు. దాని చుట్టూ మెత్తటానికి ఇంకా కొంత సిమెంటు బాండ్లీలో పచ్చిగా ఉంది. పాస్టరు జాషువా మైకు పట్టుకుని ప్రార్థన చేశాడు, పాట పాడించాడు. ఆ మైకు పెట్టె పెద్దది. పేటలో ప్రతి ఇంటికీ వినిపిస్తుంది.

"సిద్దమ్మగారిని గురించి సాక్ష్యం చెప్పడానికి ఆమె ప్రియమైన మనవరాలు పుష్పను పిలుస్తున్నాను," అన్నాడు పాస్టరు. "కడవరకు అవ్వను కనిపెట్టుకుని ఉన్న బిడ్డ."

కడవరకు! పుష్ప లేచి మైకు తీసుకుంది. ఎదురుగా నాయన కళ్లు తుడుచుకుంటూ, గర్వంగా చూస్తున్నాడు. అతని వెనక, దిబ్బ దిగువన, మల్లేశ్వరి ఇంటి తలుపుకు తాళం పడి ఉంది. గడప ముందు ఎవరూ లేరు. అప్పుడే పోయిందా? మెడ సాచి చూసింది. రోడ్డు మీద సామ్సన్ ఆటో పక్కన రెండు మూటలు, మూటల మీద మనిషి కూర్చుని ఉంది.

"మా అవ్వ నన్ను పెంచింది," అని మొదలుపెట్టింది. ఆమెన్ అన్నారు ఎవరో.

"మా అవ్వ పోయిన పొద్దు రెండు రింగులు వచ్చినాయి," అంది.

ఎవరికీ వెంటనే అర్థం కాలేదు. అమ్మ మాత్రం తలెత్తింది.

"రెండొచ్చినాయి. మల్లేశ్వరత్త సెప్పింది నిజము. రెండోది నేను కట్ చేసినా. వీడియో సూస్తాంటే అడ్డం వచ్చిందని కట్ చేసినా. నవ్వినా. తెల్లారి టెంపోలో దాన్ని చెరిపేసినా. నాయనకు చూపిచ్చింది అబద్ధము. అవ్వ ఫోను పెట్టెలో పెట్టింది ప్రేమతో కాదు, దాంట్లో రెండూ ఉండాయి, ఎవురన్నా సూస్తారని. మల్లేశ్వరత్త ఏమీ చెయ్యలేదు. చేసింది నేను. మా అవ్వను..."

అమ్మ పైటకొంగు నోట్లో కుక్కుకుంది. ఆ రోజు తనతో పాటు నవ్విన పిల్లల్లో ఒకతె తల వంచుకుంది. పాస్టరు ఒక పాట ఎత్తుకున్నాడు గానీ ఎవరూ అందుకోలేదు, రెండు మాటలు పాడి ఆయనే ఆపేశాడు.

జోయల్ లేచాడు. కొడతాడనుకుంది పుష్ప. కొట్టాలనే కోరుకుంది. అతను ఆమె దగ్గరికే రాలేదు. రాయి దగ్గరికి పోయి గొంతుక్కూర్చున్నాడు. బాండ్లీలోంచి పచ్చి సిమెంటు పిడికెడు తీసి, ఆఖరి వరుస మీద పెట్టాడు. ఇంకో పిడికెడు పెట్టాడు. అరచేత్తో మెల్లగా, మేస్త్రీ పనిలా, అక్షరం కనబడకుండా మెత్తాడు. తర్వాత తలను ఆ రాయికి ఆనించి, "అమ్మా, అమ్మా," అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. కూతురి వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

పుష్ప మైకు కింద పెట్టి, దిబ్బ దిగి రోడ్డు వైపు పరుగెత్తింది.

మల్లేశ్వరి మూటల మీదే కూర్చుని ఉంది. పరుగెత్తుకొచ్చిన పిల్లను ఎగాదిగా చూసింది. "మైకులో ఇన్న్యాలే," అంది.

పుష్ప ఆమె కాళ్ల మీద పడింది. "పోవద్దు అత్తా. నాయన వచ్చి నీ కాళ్లు పట్టుకుంటాడు. లక్ష్మన్నకు నేను సెప్తా. పేటోళ్లందరికీ ఇంటింటికీ పోయి సెప్తా."

"లెయ్ మే, లెయ్." మల్లేశ్వరి కాళ్లు వెనక్కి తీసుకుంది. "ఇంగ ఈ పేటలో నాకేముంది? ముప్పై ఏండ్లు అక్కా, వదినా అన్నోళ్లు నలభై దినాలు నన్ను కుక్కను సూసినట్టు సూసినారు. ఒగరన్నా, మల్లేశ్వరీ, నిజంగా ఏమైందే అని అడగలేదు. నువ్వు ఇప్పుడు సెప్పినావు. మంచిదే. రేపు వాళ్లు మళ్లా వదినా అంటారు. నేను పలకల్ల కదా? నాకు నోరు రాదు."

"నేను కట్ చేసినానని నీకు తెల్సు. నువ్వే గదా కొట్టింది. అందరి ముందర సెప్పకపోతివే?"

"నువ్వు ఫోను సూపిచ్చినాక నా మాట ఎవురింటారు?" అని ఆగింది. రోడ్డు వైపు చూస్తూ, కొంగుతో ముఖం తుడుచుకుంది. "అదొగటే కాదులే. మీ అవ్వ నాతో ఒట్టు ఏయిచ్చుకున్న్యాది."

"ఏమని?"

మల్లేశ్వరి మూటల మీంచి లేచి రోడ్డు గట్టు మీద కూర్చుంది. సామ్సన్ వచ్చి ఒక మూట ఆటోలో పెట్టాడు, రెండోది పెట్టాడు. అప్పుడు మొదలుపెట్టింది.

"మొదటి రింగు ఆయమ్మే కొట్టింది. ఆ పొద్దు ముద్ద ముట్టలేదు. అయినా కొట్టింది, కొట్టకపోతే పాప తినదు అని. సూస్తే ముఖమంతా సెమట. ఎద పట్టుకోని కూసున్న్యాది. ఇంగొగటి కొట్టు అవ్వా అంటే ఫోను కొంగులో దాసుకునింది. సచ్చేటప్పుడు కొట్టమన్న్యాది పాప, నేనేమన్నా సస్తాండానా, గ్యాసు గదా అనింది. నేనే గుంజుకోని కొట్టినా. రొంతసేపు మోగి కట్ అయిపోయింది. మళ్లా కొడతాంటే నా సెయ్యి పట్టుకున్న్యాది."

అవ్వ తిట్టి ఉంటే బాగుండునని ఆ క్షణాన పుష్ప మనసారా కోరుకుంది. పాడైపో అని ఉంటే, పెంచినందుకు ఇదా అని ఉంటే, ఏదో ఒకటి తల వంచుకుని మోసేది.

"ఏమన్న్యాది అత్తా? తిట్టిందా?"

"యాడ తిట్టింది మే! నవ్వింది. సూస్తివా, కట్ చేసినాది, అంటే బాగుండాది నా బిడ్డ, బాగుంటేనే గదా కట్ చేసేది, అనింది. ఆ మాటకే ఆయమ్మ ముఖం తేటైపోయింది. జోయలుకు సెప్పొద్దు మల్లేశ్వరీ, పాపను కొడతాడు అని ఒట్టు ఏయిచ్చుకోని, దుప్పటి కప్పుకోని పండుకునింది. రొంత తగ్గిందిలే అంటే, నేనూ నమ్మి ఇంటికి పోతి. తెల్లారి సూస్తే అట్లే ఉండాది, మెలకువ ల్యాదు. అంతే."

సామ్సన్ హారన్ కొట్టాడు. మల్లేశ్వరి లేచి, పుష్ప తల మీద చెయ్యి పెట్టబోయి, ఏమనుకుందో తీసేసుకుంది. ఆటోలో మూటల మధ్య ఇరుక్కుని కూర్చుంది. ఆటో కదిలి, ఎమ్మిగనూరు రోడ్డు మీదికి తిరిగి, దుమ్ములో కనబడకుండా పోయింది. ఒక్కసారి కూడా ఆమె వెనక్కి తిరిగి చూడలేదు.

దిబ్బ మీద షామియానా విప్పుతున్నారు. పొద్దు వాలుతోంది, అవ్వ రింగు ఇచ్చే వేళైంది. నలభై రోజులుగా ఆపుకున్న ఏడుపు అప్పుడొచ్చింది పుష్పకు. రోడ్డు పక్క మట్టిలో కూలబడి, ఊరంతా వినేలా అరిచి అరిచి ఏడ్చింది. పేటవాళ్లు ఆమెను దాటుకుంటూ ఇళ్లకు పోయారు. అరవగాకు పాపా, గొంతు పోతాది అని చెప్పేందుకు ఎవరూ ఆగలేదు.